ఫ్లెక్సీ మీద బ్యాండ్ పేరు

మెదక్‌లో పెళ్ళి ముహూర్తం కుదిరితే ముందు ఫంక్షన్ హాలు దొరుకుతుందో లేదో కనుక్కుంటారు, ఆ వెంటనే ఎల్లేష్ ఖాళీగా ఉన్నాడా అని అడుగుతారు. ఎల్లేష్ అంటే శ్రీ వేణుగోపాల బ్యాండ్. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ముందు వరసలో క్లారినెట్ పట్టుకుని కళ్ళు సగం మూసుకుని నడిచే బక్కపలచని మనిషి. యాభై దాటాడు. ఊరేగింపులో ఉన్నప్పుడు తప్ప పెద్దగా నోరు విప్పడు.

ఎల్లేష్ తండ్రి సన్నాయి ఊదేవాడు. హవేలిఘనపూర్ చుట్టుపక్కల ఆయన లేకుండా పెళ్ళి జరిగేది కాదు. కొడుకు కాలం వచ్చేసరికి జనానికి సన్నాయి పాతబడింది. బ్యాండ్ ఉందా అని అడగడం మొదలుపెట్టారు. పోలీసు బ్యాండ్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, ఎల్లేష్ క్లారినెట్ నేర్చుకున్నాడు. తర్వాత డ్రమ్ము కొట్టే స్నేహితుణ్ణి ఒకణ్ణి, చర్చిలో ట్రంపెట్ ఊదే లాజరును కలుపుకుని బ్యాండ్ పెట్టాడు. ఆ డ్రమ్ము స్నేహితుడు మధ్యలోనే చనిపోయాడు. అతని కొడుకు నగేష్ తండ్రి డ్రమ్మునే మెడకు తగిలించుకుని వచ్చి చేరాడు. నగేష్ తల్లి ఆగమ్మ పాత మార్కెట్ రోడ్డు మీద ఆకుకూరలు అమ్ముతుంది. ఎల్లేష్ ఆమెను వదినె అంటాడు.

బ్యాండ్‌కు ఒక పద్ధతి ఉండేది. పిలిచినవాళ్ళందరికీ వాయిస్తారు. క్రిస్మస్‌కు చర్చి దగ్గర, వినాయకుడి నిమజ్జనానికి చెరువు దగ్గర, ఎన్నికల్లో ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీ ముందు. ఒకసారి ఒక పార్టీ కుర్రాళ్ళు వచ్చి బ్యాండ్ వాళ్ళందరి మెడల్లో తమ కండువాలు వెయ్యబోయారు. ఎల్లేష్ వద్దన్నాడు.

"పాట మీదే. కోటు మాది. దాని మీద ఏం ఎయ్యనియ్య" అన్నాడు.

వాళ్ళు అరిచారు, బెదిరించారు. ఎల్లేష్ మాట పెంచలేదు. క్లారినెట్‌ను విప్పి ముక్కలు ముక్కలుగా డబ్బాలో సర్దడం మొదలుపెట్టాడు. చివరికి అభ్యర్థే జీపు దిగి వచ్చి, "ఇడిసిపెట్టుండ్రిరా, వాయిస్తే సాలు" అన్నాడు. ఆనాటి నుంచి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొన్న మున్సిపల్ ఎన్నికలు దగ్గరికి వస్తున్నాయనగా పాత మార్కెట్ రోడ్డు గొడవ రాజుకుంది. దుకాణాల ముందు రోడ్డుకు రెండు వైపులా కూరగాయల వాళ్ళు కూచుంటారు. వాళ్ళను ఊరవతల ఖాళీ మైదానానికి పంపాలని వ్యాపారుల ఐక్యవేదిక అంటోంది. అక్కడికి కొనేవాళ్ళు ఎవరొస్తారని కూరగాయల వాళ్ళు అంటున్నారు. ఒక పార్టీ దుకాణాల వైపు నిలబడింది, రెండో పార్టీ బుట్టల వైపు నిలబడింది. మున్సిపల్ ఆఫీసులో ఏదీ తేలలేదు. ఊళ్ళో మాత్రం చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్ళు కూడా రెండు జట్లుగా విడిపోయారు.

ఎల్లేష్ ఆ చర్చల్లో తలదూర్చలేదు. ఒక రోజు పొద్దున పాలకూర కోసం ఆగమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె కట్ట తీసి ఇవ్వలేదు. నీళ్ళు చల్లిన గోనె సంచి సర్దుతూ తల ఎత్తకుండానే అంది:

"మమ్ములను ఈడికెంచి ఎల్లగొట్టాల్నని నువ్వు గూడ అంటున్నవట గద మరిదీ."

"నేనెప్పుడన్న వదినె? ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలో జెప్పుడెందుకు? చౌరస్తల నీ ఫోటోనే ఏసిండ్రు. నగేష్ సూసొచ్చిండు. ఇంట్ల అన్నం గూడ తినలే వాడు."

ఎల్లేష్ రాందాస్ చౌరస్తాకు నడిచి వెళ్ళాడు. అంత పెద్ద ఫ్లెక్సీ ఆయన ఈమధ్య చూడలేదు. 'మన పట్టణం, మన రోడ్డు. ఆక్రమణలు తొలగించాలి. వ్యాపార సంస్థలన్నీ ఒక్క మాట మీద ఉన్నాయి' అని పైన పెద్ద అక్షరాలు. కింద వరసగా బంగారం దుకాణాలు, బట్టల షాపులు, ప్రైవేటు స్కూళ్ళు, దవాఖానలు, వాటి గుర్తులు, యజమానుల ఫోటోలు. అట్టడుగు వరసలో ఒక మూల క్లారినెట్‌తో తను. పక్కన 'శ్రీ వేణుగోపాల బ్యాండ్'. ఆ ఫోటో ఏదో పెళ్ళిలో తీసింది. అందులో నవ్వుతున్నాడు.

ఆయనకు మొదట సిగ్గనిపించింది, తర్వాత ఒళ్ళు మండింది. ఇంటికి పోలేదు. తిన్నగా ఐక్యవేదిక అధ్యక్షుడు శ్రీనివాస్ ఫంక్షన్ హాలుకు వెళ్ళాడు.

శ్రీనివాస్‌ది శివ్వంపేట దిక్కు భూములున్న కుటుంబం. మెదక్‌లో హాలు కట్టి, ఆ తర్వాత రాజకీయాల్లో కాలు పెట్టాడు. ఎల్లేష్ బ్యాండ్‌కు పెళ్ళిళ్ళలో సగం ఆ హాలులోవే. అందుకే శ్రీనివాస్ కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, ఇంట్లో మనిషిలాగే పలకరించాడు.

"నా పేరు తీసెయ్యుండ్రి శ్రీనన్నా" అన్నాడు ఎల్లేష్, నిలబడే.

"ఏ పేరు? ఫ్లెక్సీదా? గందుల ఏమున్నది ఎల్లేషూ! ఊర్ల యాపారం జేసేటోళ్ళందరియి ఏసినం. నిన్ను ఇడిసిపెడితె నీకే నారాజైతదనుకున్న."

"నన్ను అడగలే గద."

శ్రీనివాస్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "నేనొకటి చెప్త ఇను. పోయిన వానకాలం మా అమ్మకు పక్షవాతం వచ్చింది. దవాఖానకు తీస్కపోతుంటె ఆ రోడ్డుల అంబులెన్స్ ఇరుక్కున్నది. ముందట బుట్టలు, ఎనుక ఆటోలు. మా అమ్మ నా ఒళ్ళె ఉన్నది, నోట్లకెంచి మాట రాకుంట. గంత సేపు నేనెట్లున్ననో నీకేం తెలుసు? ఊర్ల బతికేటోళ్ళం, ఊరు సంగతి మనం మాట్లాడకుంటె ఎవరు మాట్లాడాలె?"

ఆ మాటకు ఎల్లేష్ కాస్త తగ్గాడు. శ్రీనివాస్ తల్లి లలితమ్మ ఇప్పటికీ కుడి చెయ్యి ఎత్తలేకపోతోందని ఆయనకు తెలుసు. ఆ రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపుతో తను కూడా ఎన్నోసార్లు చిక్కుకుపోయాడు. శ్రీనివాస్ చెప్పింది అబద్ధం కాదు.

"మీరు మాట్లాడుండ్రి శ్రీనన్నా. మీ హాలు, మీ పేరు, మీ ఇష్టం. నాది గట్ల గాదు. బ్యాండ్ల పన్నెండు మందిమి ఉన్నం. నగేష్ వాళ్ళమ్మ ఆ రోడ్డు మీదనే కూసుంటది. చంద్రకాంత్ వాళ్ళన్న దుకాణం అదే రోడ్డు మీద ఉన్నది. నేనొక్కణ్ణి అందరి నోట్లకెంచి ఎట్ల మాట్లాడుత?"

"మా పార్టీ ర్యాలీకి వాయించినవు గద? అప్పుడు అడిగినవా అందరినీ?"

"వాయించుడు కూలి. పేరు పెట్టుడు మాట. కూలికి ఎవరు పిలిచినా వస్త. మాట మాత్రం నాది నాకుండాలె."

శ్రీనివాస్ నవ్వేశాడు. పని మనిషిని పిలిచి ఏదో చెప్పాడు. ఆ సాయంత్రం ఒకతను నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ మీద ఆ మూలకు తెల్ల కాగితం అంటించాడు. మూలలు సరిగా అంటుకునేదాకా ఎల్లేష్ కింద నిలబడే ఉన్నాడు.

రెండు రోజులకు కూరగాయల వాళ్ళు కూడా ఫ్లెక్సీ కట్టాలనుకున్నారు. తమ వైపు కూడా వ్యాపారులున్నారని చూపించాలి కదా! చాయ్ హోటళ్ళు, పంక్చర్ షాపు, ఒక టైలరు పేర్లిచ్చారు. వేణుగోపాల బ్యాండ్ పేరు అడగడానికి నగేషే వచ్చాడు. ఎల్లేష్ ఇంటి వెనక రేకుల షెడ్డులో బ్యాండ్ అంతా సాధనకు చేరిన వేళ అది.

"వాళ్ళ దాంట్లకెంచి తీపిచ్చినవు గద కాకా. ఇగ మాదాని మీద పెట్టు" అన్నాడు నగేష్, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

సాక్సఫోన్ తుడుస్తున్న చంద్రకాంత్ తల ఎత్తాడు. "మా అన్న దుకాణం ముందట నిలవడనీకి జాగ లేదు. గిరాకి లోపలికి వస్తలేదు. మీ ఫ్లెక్సీ మీద నా బ్యాండ్ పేరు ఎట్ల పెడతవు?"

ఒకరి మీద ఒకరు గొంతులు పెంచుకున్నారు. అందరికంటే పెద్దవాడైన లాజరు ట్రంపెట్‌ను సంచిలో పెట్టేశాడు. ఎల్లేష్ చివరికి అన్నాడు:

"బ్యాండ్ పేరు ఒక్కనిది గాదు. దేని మీద లేదు. అటు లేదు, ఇటు లేదు."

నగేష్ మొహం ఎర్రబడింది. "మా అమ్మ కోసం గూడ పెట్టవా కాకా? మా నాయిన ఈ డ్రమ్ము కొట్టి కొట్టి సచ్చిండు. ఆయనుంటె గిట్లనే అంటుంటివా?"

నగేష్ డ్రమ్ము కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున ఎల్లేష్ మామూలు చొక్కా వేసుకుని పాత మార్కెట్ రోడ్డుకు వెళ్ళాడు. కూరగాయల వాళ్ళు టెంటు వేసుకుని ధర్నా చేస్తున్నారు. వెళ్ళి ఆగమ్మ పక్కన చాప మీద కూచున్నాడు. మైకు ఇస్తామంటే వద్దన్నాడు. మధ్యాహ్నం దాకా కూచుని, వాళ్ళు పెట్టిన పులిహోర తిని ఇంటికొచ్చాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఎల్లేష్ అనే మనిషికి ఎటో ఒక వైపు మనసు ఉండొచ్చు. మైదానానికి తోసేస్తే ఆగమ్మ బతుకు ఆగమవుతుందని ఆయనకు గట్టిగానే అనిపించింది. కానీ అది బ్యాండ్ మాట కాదు.

భార్య భాగ్య అన్నం వడ్డిస్తూ అంది: "మనిషొకటి, బ్యాండొకటి అని నీకు తెలుసు. జనాలకు తెల్వదు. నువ్వు ఆడ కూసున్నవని హాలు కాడ అప్పుడే ముచ్చట వెట్టుకుంటున్నరట."

"పెట్టుకోనీ."

"పెళ్ళిళ్ళ దినాలు దగ్గరికొచ్చినయి."

"తెలుసు" అన్నాడు ఎల్లేష్. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

తర్వాతి వారం తెలియని నంబరు నుంచి ఒక ఫోను వచ్చింది. ఊళ్ళో శుభ్రత మీద ర్యాలీ ఉంది, స్టేడియం నుంచి చౌరస్తా దాకా వాయించాలని అడిగారు. చెత్త మీద ర్యాలీకి అభ్యంతరం ఏముంటుంది? ఎల్లేష్ ఒప్పుకుని అడ్వాన్సు తీసుకున్నాడు. నగేష్‌కు కూడా కబురు పంపాడు. నగేష్ వచ్చాడు గానీ పలకరించలేదు. ఎర్ర కోటు గుండీలు పెట్టుకుని తన వరసలో నిలబడ్డాడు.

ర్యాలీ బాగానే బయలుదేరింది. చీపుర్లు పట్టుకుని ఫోటోలు దిగారు. చౌరస్తా దగ్గర ఆగాల్సింది. ఆగలేదు. ముందున్నవాళ్ళు పాత మార్కెట్ రోడ్డు వైపు తిరిగారు. బ్యాండ్ కూడా ఆ ఊపులోనే తిరిగింది. శ్రీనివాస్ ఎక్కడి నుంచి వచ్చాడో ముందు వరసలో కనిపించాడు. వెనక ఏదో మోటారు గర్జిస్తోందని ఎల్లేష్ మెడ తిప్పి చూశాడు. జేసీబీ. మోరీ కాలువలో పూడిక తీయడానికని ఐక్యవేదిక వాళ్ళు కిరాయికి తెచ్చిన బండి అది.

కూరగాయల వాళ్ళు బుట్టల ముందు రోడ్డుకు అడ్డంగా కూచున్నారు. ర్యాలీ వాళ్ళకు బాగా దగ్గరికి వచ్చి ఆగింది.

"వాయించుండ్రి! గట్టిగ వాయించుండ్రి!" ఎవరో అరిచారు.

అలవాటుగా చేతులు ఆడుతూనే ఉన్నాయి. డ్రమ్ములు, తాళాలు, ట్రంపెట్. ఆ ఇరుకు రోడ్డులో శబ్దం గోడలకు కొట్టుకుని రెట్టింపయింది. ఎదురుగా ఆగమ్మ లేచి నిలబడి చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది. నోరు కదలడం ఎల్లేష్‌కు కనిపిస్తోంది. మాట వినిపించడం లేదు. ఆమె వెనక ఉన్న ఆడవాళ్ళవి కూడా అంతే. అందరి నోళ్ళూ కదులుతున్నాయి, ఒక్కరి గొంతూ బయటికి రావడం లేదు. ఆమె కొడుకు కొట్టే డ్రమ్మే ఆమె మాటను తొక్కేస్తోంది. నగేష్ మొహం చూశాడు. వాడు కళ్ళు మూసుకుని కొడుతున్నాడు, చెంపల మీద నీళ్ళు.

తమను ఎందుకు పిలిచారో ఎల్లేష్‌కు అప్పుడు అర్థమైంది.

క్లారినెట్ దించి కుడి చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించాడు. ఆపమని సైగ. ఏళ్ళ తరబడి ఆ చేతిని చూసి నడిచిన బ్యాండ్ ఒక్కసారిగా ఆగిపోయింది. చంద్రకాంత్ సాక్సఫోన్ ఒక్కటే ఇంకాస్త సాగి తెగింది.

ఆ నిశ్శబ్దంలో ఆగమ్మ గొంతు రోడ్డంతా వినిపించింది.

"ఆర్డర్ కాగితం ఉంటె సూపియ్యుండ్రి! సూపిస్తె నా బుట్ట నేనే ఎత్తుకుంట. లేకుంటె ఎవరన్నరు మమ్ములను తీయుమని?"

ముందున్న పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జేసీబీ డ్రైవరు తల బయటికి పెట్టి, "ఆర్డర్ లేదా అన్నా? మోరీ అని జెప్పి తెచ్చిండ్రు గద నన్ను" అన్నాడు. ఎవరూ పలకకపోవడంతో ఇంజను ఆపేశాడు. 

శ్రీనివాస్ వెనక్కి తిరిగి ఎల్లేష్ దగ్గరికి వచ్చాడు. అరవలేదు. గొంతు తగ్గించే అడిగాడు.

"వాయించుడు కూలి అన్నవు గద ఎల్లేషూ. కూలికే పిలిపిచ్చిన. వాయించు."

"అన్నది నిజమే శ్రీనన్నా. గప్పుడు గట్లనే అనుకున్న. గీడ వాయించుడు మాత్రం కూలి గాదు. మీ పైసలు ఇయ్యాల్నే పంపిస్త."

"ఆలోచించుకో. మళ్ళ నా హాలు గుమ్మం తొక్కవు."

"తొక్కను" అన్నాడు ఎల్లేష్.

ఆయన వెనక్కి తిరిగాడు. లాజరు కదిలాడు, మిగిలినవాళ్ళు కదిలారు. డ్రమ్ము చప్పుడు లేకుండా ఎర్ర కోట్లు చౌరస్తా వైపు నడిచి వెళ్ళడం ఊరు మొదటిసారి చూసింది. నగేష్ మాత్రం డ్రమ్ము మెడలో ఉండగానే తల్లి దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎల్లేష్ వాణ్ణి పిలవలేదు.

షెడ్డుకు చేరాక చంద్రకాంత్ కోటు విప్పి మడత పెట్టాడు.

"తీస్కున్న పని నడిమిట్ల ఇడిసొచ్చినం. నన్నెవరడిగిండ్రు? ఆ పొద్దు బ్యాండ్ పేరు నీ ఒక్కనిది గాదన్నవు. ఇయ్యాల చెయ్యి నువ్వొక్కనివే లేపినవు."

"నిజమే. అడగనీకి టైమ్ లేకుండె. అడిగెటట్టుంటె అడుగుదును. మీరు వద్దన్నా నేను ఆపేటోణ్ణే" అన్నాడు ఎల్లేష్.

చంద్రకాంత్ వెళ్ళిపోయాడు. అతనితో పాటు ఇంకో ఇద్దరు. నెల తిరక్కముందే వాళ్ళు కొత్త బ్యాండ్ పెట్టుకున్నారు. శ్రీనివాస్ హాలులో పెళ్ళిళ్ళన్నీ వాళ్ళకే దక్కాయి. ఎల్లేష్ ఆ సీజనంతా కౌడిపల్లి, శివ్వంపేట దిక్కు ఊళ్ళు పట్టుకుని తిరిగాడు. దూరం ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ. భాగ్య బీడీల పని మళ్ళీ మొదలుపెట్టింది. పడుకునేముందు ఆమె ఒకసారి, "ఆ పొద్దు ఆపకపోతే ఏమవుతుండె?" అని అడిగింది.

"ఆ తర్వాత యాడికి పోయి వాయించాల్నన్నా క్లారినెట్‌కు నోరు రాకుంటుండె" అన్నాడు.

రోడ్డు గొడవ మొత్తానికి సగం సగంగా తేలింది. ఒక వైపు కూరగాయల వాళ్ళను ఉంచారు, రెండో వైపు ఖాళీ చేయించారు. ఖాళీ అయిన వైపు వాళ్ళు మైదానానికి వెళ్ళారు. వాళ్ళలో ఆగమ్మ ఒకతె. అక్కడ మధ్యాహ్నానికే కొత్తిమీర వాడిపోతోందని, గిరాకి లేదని అంటుంది. ఇప్పుడు ఆ రోడ్డులో అంబులెన్సు పోతోంది. అది మంచిదేనని ఎల్లేష్ ఎవరడిగినా ఒప్పుకుంటాడు. ఆగమ్మ ముందు కూడా ఒప్పుకున్నాడు. ఆమె తిట్టింది. తర్వాత పాలకూర కట్ట ఇచ్చింది.

నగేష్ పదిహేను రోజులు రాలేదు. ఒక పొద్దున వచ్చి డ్రమ్ము తోలు బిగించుకుంటూ కూచున్నాడు. అప్పటి నుంచి బ్యాండ్‌లో ఒక పద్ధతి కొత్తగా వచ్చింది. ర్యాలీకి పిలుపొస్తే అది దేనికి, ఏ రోడ్డున పోతుంది, ఎక్కడ ఆగుతుందని ముందే అడుగుతారు. తెలిసింది షెడ్డులో అందరికీ చెబుతారు. ఇష్టం లేనివాడు ఇంటి దగ్గర ఉండొచ్చు. మరునాడు వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పెళ్ళిళ్ళకు ఇవేవీ అక్కర్లేదు.

ఎన్నికల ప్రచారం ఊపందుకున్నాక బుట్టల వైపు నిలబడిన పార్టీ నుంచి నగేష్‌కు ఫోను వచ్చింది. ఆ రోజు జేసీబీ ముందు బ్యాండ్ ఆపిన ఎల్లేష్‌ను సభలో సన్మానిస్తారట. తమ కరపత్రం మీద మద్దతిచ్చే సంస్థల్లో వేణుగోపాల బ్యాండ్ పేరు వేస్తారట.

నగేష్ ఫోను చేత్తో మూసి, "ఏమంటవు కాకా?" అని అడిగాడు.

"సన్మానం నాకొద్దు. పేరు సంగతి అందరిని అడుగు" అన్నాడు ఎల్లేష్. కౌడిపల్లి పెళ్ళికి ట్రాలీ ఆటోలో డ్రమ్ములు ఎక్కించే తొందరలో ఉన్నాడు.

నగేష్ ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్ళాడు. చాలామంది సరేనన్నారు. లాజరు మాత్రం ట్రంపెట్ సంచి భుజానికి తగిలించుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"నా ఓటు నేనెవరికేస్తనో మా ఇంటిదానికే చెప్ప బిడ్డా. కాయితం మీద ఎట్ల ఏయిస్త?"

నగేష్ వాళ్ళమ్మ కోసం రోడ్డు మీదికి వచ్చిన పార్టీ అది. లాజరును బతిమాలొచ్చు, లేదా ఒక్కడే కదా అని వదిలెయ్యొచ్చు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, మాదాంట్ల ఒకాయన వద్దన్నడు. పేరు ఎయ్యకుండ్రి. వాయించాల్నంటె ఏ రోడ్డో, ఎందుకో జెప్పుండ్రి, వస్తం."

అవతలి నుంచి ఏమన్నారో గానీ వాడు ఇంకోసారి అదే మాట చెప్పి ఫోను పెట్టేశాడు. ఆటో అప్పటికే కదులుతోంది. పరుగెత్తుకొచ్చి వెనక ఎక్కి, పెద్ద డ్రమ్ము దొర్లిపోకుండా రెండు చేతులతో పట్టుకుని కూచున్నాడు.